ప్రాపర్ ఛానెల్‌లో మేరీ గారి దరఖాస్తు

1994 జూన్ 6న నన్ను సీనియర్ ఆపరేటర్‌గా దివిసీమలోని ఒక ట్రంక్ ఎక్స్ఛేంజ్‌కి వేశారు. ఊరి పేరు అక్కర్లేదు. అప్పట్లో పై ఊరికి ఫోన్ కలపాలంటే బోర్డు ముందు మనిషి కూర్చోవాల్సిందే. ఆపరేటర్లం ఐదుగురం. మా పైన సూపర్‌వైజర్ సూర్యారావు గారు. తన ఆఫీసులో అసంతృప్తి అనేదే లేదని ఆయన నమ్మకం. ఉన్నది బయటికి పోకుండా చూసేదీ ఆయనే.

అందరూ భయపడేది స్ప్లిట్ డ్యూటీకి: ఉదయం ఏడు నుంచి పదకొండు, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది. ఆ జూన్‌లో అది పద్మకి పడింది. ఆయన గదిలోకెళ్లి, "బాబాయి గారూ, సాయంత్రాలు నా వల్ల కాదండీ" అంది.

"దీనికింత మొహం మాడ్చుకోవాలా అమ్మాయ్!" అంటూ ఆయన చార్టు దిద్దారు.

జులై ఒకటి నుంచి ఆ డ్యూటీ మేరీ గారిది, తాత్కాలికంగా. ఆవిడ పామర్రు నుంచి వచ్చేవారు. రానూ పోనూ బస్సులో రెండు గంటలు. ఎనిమిది గంటల పనికి పదిహేను గంటలు ఇంటి బయట. ఇంట్లో మంచం పట్టిన తల్లి. పదమూడు నెలలు గడిచినా అది తాత్కాలికమే.

మేరీ గారికి వరసలు కలపడం చేతకాదు, ఆయన్ని "సార్" అనే పిలిచేవారు. అందుకని డివిజనల్ ఇంజనీరుకు దరఖాస్తు రాశారు. అది "త్రూ ప్రాపర్ ఛానెల్" వెళ్లాలి. అంటే సూర్యారావు గారి మీద ఫిర్యాదును సూర్యారావు గారే సంతకం చేసి పైకి పంపాలి.

మొదటిసారి మార్జిన్ లేదని తిప్పి ఇచ్చారు. రెండోసారి తేదీ ఉండాల్సిన చోట లేదన్నారు. మూడోసారి కళ్లజోడు సవరించుకుని, "'తమ విధేయురాలు' ఏదండీ? విధేయత లేకుండా పైకెలా పంపమంటారు?" అన్నారు.

"అది ఉండబట్టే కదండీ సార్, పదమూడు నెలలు నోరెత్తలేదు."

మూడుసార్లూ ఫెయిర్ కాపీ రాసిపెట్టింది నేనే. ఆయనతో మాత్రం ఒక్క మాట అనలేదు. నా డ్యూటీ మధ్యాహ్నానికల్లా అయిపోయేది.

1995 సెప్టెంబరు 4న మేరీ గారు రాజీనామా తెచ్చారు. పదకొండేళ్ల సర్వీసు, అర పేజీ. సూర్యారావు గారు పది నిమిషాల్లో సంతకం చేశారు. "చాలా పద్ధతిగా రాశారండీ" అని మెచ్చుకున్నారు కూడా.

"మూడుసార్లు దిద్దించారు కదండీ" అన్నారావిడ. సార్ అనలేదు.

రెండేళ్లకు నేనూ సూపర్‌వైజర్‌నయ్యాను. నా దగ్గరికొచ్చిన ఫిర్యాదుల్లో అక్షరదోషాలుండేవి, తిట్లుండేవి, ఒకదాని మీద టీ మరక ఉండేది. అన్నీ అదే రోజు పైకి పంపాను. ఫిర్యాదు రాసే మనిషి ఇంకా ఆ ఉద్యోగంలో ఉండాలనుకుంటున్నట్టు లెక్క. వెళ్లిపోదామనుకున్న మనిషి ఆఫీసును ఏ ఇబ్బందీ పెట్టదు.