ఒక పోతు, రెండు నంబర్లు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: గళ్ళు గీసి అందులో రాసిన సంగతి ఏదైనా నిజమేనని. (ఆ రోజులంటే తాతల కాలమేమీ కాదు, ఆరేళ్ళ కిందటి మాట. సిగ్గుపడాల్సిన సంగతులు ఎందుకో ఇట్టే పాతబడిపోతాయి.) డిప్లొమా పూర్తిచేసి, భీమవరం పక్క పల్లె నుంచి ఖతర్ వచ్చి, అల్ వుకైర్ దాటాక ఎడారిలో ఉన్న ఒక మజ్రాలో చేరాను. మజ్రా అంటే ఇక్కడి షావుకార్లు ఊరవతల పెంచుకునే తోట. మోటార్లూ నీటి పైపులూ చూడటం నా డ్యూటీ. వచ్చిన వారంలోనే మోటార్లకు నంబర్లు వేశాను, వాల్వులకు వేశాను, వంటగదిలో గరిటెలకూ వేయబోతే వంటవాడు ఆ గరిటే ఎత్తి చూపించాడు.

ఆ తోటలో కంచె వేసిన పెద్ద దొడ్డి, అందులో జింకల మంద. దాన్ని చూసుకునేవాడు మంద మామ. జగిత్యాల వైపు మనిషి. ఊళ్ళో గొర్రెలు కాసి, ఇక్కడికొచ్చి జింకలు కాస్తున్నాడు. ఈ తేడా ఇంట్లో వాళ్ళకు ఎంత చెప్పినా ఎక్కలేదట. దుబాయ్‌లో గొర్లు కాస్తున్నాడనే ఊరంతా చెప్పుకుంటుందట. మగ జింకలు, అంటే పోతులు, ఎక్కువైతే కొమ్ములతో పొడుచుకు చస్తాయి. అందుకని ఏటా చలికాలంలో పన్నెండు పోతుల్ని ఉంచి, మిగిలినవాటిని అర్బాబ్ (యజమానిని మేమంతా అలాగే పిలిచేవాళ్ళం) తానే తుపాకీతో కొట్టేవాడు. కావలసిన అనుమతి కాగితాలు ఆయన దగ్గర ఉండేవి. దేన్ని కొట్టాలో, దేన్ని వదలాలో చెప్పేది మాత్రం ఎప్పుడూ మామే. ఆ ఏడు, నా వాల్వుల నంబర్లు చూసి ముచ్చటపడిన అర్బాబ్ ఆ పని నాకిచ్చాడు. "ముహందిస్, తుమ్ లిస్ట్ బనావ్," అన్నాడు. ముహందిస్ అంటే అరబ్బీలో ఇంజినీరు. డిప్లొమావాణ్ణి పట్టుకుని ఇంజినీరంటే ఇక ఆగుతానా?

ఒకరోజు పొద్దున దొడ్డికి తూర్పున నిలబడి, మర్నాడు పడమర నిలబడి, మేత తింటున్న పోతులన్నిటికీ ఫోన్‌తో ఫోటోలు తీశాను. కంచె తీగ గళ్ళు ఒక్కొక్కటి పది సెంటీమీటర్లు కాబట్టి, వాటితో పోల్చి కొమ్ముల పొడవు కట్టాను. నాకు దగ్గరగా ఉన్న కొమ్మునే కొలవాలని నియమం కూడా పెట్టుకున్నాను. కొమ్ము, చెవులు, ఒళ్ళు, నడక, మొత్తం పదకొండు గళ్ళు. మొదటిరోజు ఫోటోలతో సరిపోలని పోతు రెండోరోజు కనిపిస్తే అది కొత్త పోతు కింద లెక్క. అలా పద్దెనిమిది తేలితే, మేలైనదానికి ఒకటో నంబరు ఇచ్చి వరసగా పేర్చాను. మామ లెక్కకు పదిహేనే. ఆయనది వేళ్ళ లెక్క కదా అని నేను పట్టించుకోలేదు. అంటే మామ లెక్కకు మూడు పోవాలి, నా లెక్కకు ఆరు.

లిస్టు తయారయ్యాక మామ నా గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"తమ్మీ, గా చెవి చినిగినోన్ని ఇడ్సిపెట్టు. మిగిలినయి నీ ఇష్టం."

"అది పద్దెనిమిదో నంబరు మామా. అన్నిటికన్నా అడుగున ఉంది. ఎందుకు వదలాలి?"

"ఎందుకేంది. వాడు మంచోడు."

"మంచితనానికి గడి లేదు మామా."

"లేకుంటే ఒకటి గియ్యరాదు. గీతనే గద."

నేను గీయలేదు. ఆ చెవి చినిగిన పోతు పిల్లగా ఉన్నప్పుడు తల్లి చచ్చిపోతే, దాన్ని మామ తన గదిలో పెట్టుకుని సీసాతో పాలు పట్టి బతికించాడని వంటవాడు తర్వాత చెప్పాడు. మనసు కొంచెం పీకింది. కానీ అప్పటికే లిస్టుకు లామినేషన్ చేయించేశాను.

ఆ శుక్రవారం పొద్దున అర్బాబ్ బండి దొడ్డి దగ్గర ఆగింది. మామ డబ్బాలో ఎండు ఖర్జూరాలు గలగలలాడిస్తే మంద దగ్గరికి వచ్చింది. నేను పద్దెనిమిదో నంబరును చూపించాను: కుడి కొమ్ము సగానికి విరిగింది, కుడి చెవి చినిగింది. అర్బాబ్ తుపాకీ ఎత్తాడు. మామ అటు తిరిగి డబ్బా మూత పెట్టబోయాడు. మూత చప్పుడుకు ఆ పోతు మామవైపు గిర్రున తిరిగింది. ఇప్పుడు నాకు దాని ఎడమ పక్క కనిపించింది. నిండైన కొమ్ము, చెక్కు చెదరని చెవి, చెంపమీద తెల్లటి మచ్చ. ఆ మచ్చ నాకు బాగా తెలుసు. ఒకటో నంబరు పక్కన 'అత్యుత్తమం, తప్పక ఉంచాలి' అని నేనే రాశాను. (ఫోటోలో వెనక కనిపించిన ఆ పొడుగు కొమ్ము వెనక నిలబడ్డ ఇంకో జింకదనుకున్నాను. నియమం నియమమే కదా.)

నోరు మూసుకుంటే నా లిస్టు తప్పని ఎవరికీ తెలిసేది కాదు. మామ వీపు చూశాను. "మాఫీ, అర్బాబ్, మాఫీ," అన్నాను. వద్దు, వద్దు అని.

ఆయన తుపాకీ దించి, నేను తడబడుతూ చూపించిన రెండు వరసలూ చూసి, పోతునూ చూశాడు.

"ఏక్ జాన్వర్. అవ్వల్ నంబర్ మే భీ యే, ఆఖిర్ మే భీ యే?"

ఒకే జంతువు మొదటి నంబరులోనూ చివరి నంబరులోనూ ఉందా అని. అవునన్నాను. ఆయన నవ్వీ నవ్వీ తుపాకీని డ్రైవర్ చేతికిచ్చేశాడు. తేరుకుని మామను పిలిచాడు. మామ కర్రతో మూడింటిని చూపించాడు. ఒకదానికి పళ్ళరిగాయి, ఎండాకాలం ఎండు గడ్డి నమల్లేదు. ఒకటి మేస్తూ మేస్తూ రొప్పుతుంది. మూడోది పిల్లల్ని పొడుస్తుంది. నా పదకొండు గళ్ళలో పళ్ళు లేవు, రొప్పు లేదు, పిల్లలూ లేరు. తర్వాత ఫోటోలు మళ్ళీ సరిచూస్తే పోతులు సరిగ్గా పదిహేనే.

మామ ఆ లామినేషన్ కాగితాన్ని అడిగి తీసుకుని, చాలాకాలం టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు. మంచిదట, తడవదట.

ఇప్పుడు నేను సిటీలో, ముషైరిబ్ అనే పేటలో ఒక ఆఫీసు భవనానికి ఏసీలు చూస్తున్నాను. లిస్టులు రాయడం మానలేదు. మామ ఇంకా అక్కడే ఉన్నాడు. అప్పుడప్పుడు ఆ పోతు ఫోటోలు పంపుతాడు, ఎప్పుడూ రెండు: ముందు ఎడమ పక్క, తర్వాత కుడి పక్క. వెనకాలే వాయిస్ మెసేజ్: "తమ్మీ, గివి రెండు కావు. ఒక్కడే. లెక్కల తప్పకు."

నవ్వుకుంటాను. నవ్వుకుంటూనే, ఎవరూ చూడకుండా, చెంపమీది మచ్చ ఉందో లేదో ఒకసారి సరిచూసుకుంటాను.