తివాచీలో ఎండుచేపలు

ముప్పయ్యో దశకంలో, నాకు ఎనిమిదేళ్లప్పటి సంగతి. ఏలూరులో నాన్న తివాచీలు నేసేవారు. ఒక దొరసాని తివాచీ చూడటానికి వస్తోందని అమ్మ ఇల్లంతా సాంబ్రాణి వేసింది.

"ఆ ఎండుచేపలు వాసన రాకుండా ఎక్కడన్నా పెట్టమ్మా," అంది నాతో. కొల్లేటి నుంచి అమ్మమ్మ పంపిన చేపలవి. చుట్టి ఉన్న తివాచీలోకి తోసేశాను.

దొరసాని ముందు నాన్న దాన్నే పరిచారు. చేపలన్నీ ఆవిడ బూట్ల మీద పడ్డాయి. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

నేను తలుపు చాటుకి వెళ్లి దాక్కున్నాను. నాన్న నన్ను ఆ తివాచీ మీదే కూర్చోబెట్టి, "ఇన్నేళ్లు నేశాను. ఒక్కదాని మీదా మనం కూర్చోలేదు కదమ్మా," అన్నారు.

ఇప్పుడు మా మనవరాలు ఇల్లు గుమగుమలాడాలని వాక్యూమ్ క్లీనర్ సంచిలో లవంగాలు వేసి, అదే తివాచీని శుభ్రం చేస్తుంది. తను అటు వెళ్లగానే నేను వంగి వాసన చూస్తాను, ఏ మూలనైనా ఎండుచేపల వాసన మిగిలిందేమోనని.