గుప్పిట వేడి

ల్యాబులో అందరూ ఆమెను ఈగలమ్మ అనేవాళ్ళు. పళ్ళ మీద ముసిరే చిట్టి ఈగలను సీసాల్లో పెంచడం, అవి పెట్టిన గుడ్లను కుంచెతో ఏరడం ఆమె పని. వాటిలో కొన్నిటిని మన ఒంటి వేడిపాటి వేడినీళ్ళ తొట్టిలో ఉంచుతుంది, కొన్నిటిని చల్లని గదిలో వదిలేస్తుంది. తరవాత రెంటినీ మెత్తగా నూరితే, లోపల ప్రోటీన్లు ఎంత మారాయో ల్యాబు నడిపే మేడం కొలుస్తుంది. వేడికి తల్లడిల్లిన పిండాల్లో ఒక ప్రోటీన్ పుట్టుకొచ్చి ఎక్స్‌రే ఫిల్ము మీద నల్లటి గీతగా పడుతుంది. చల్లగా ఉన్నవాటికి ఆ గీత ఉండదు. పసిగుడ్లను కాల్చుకుతినే ఉద్యోగం నాది అని ఈగలమ్మే నవ్వేది.

చెల్లెలి సంగతి తలుచుకుంటే మాత్రం ఆ నవ్వు ఎగిరిపోయేది. ఆ పిల్లను కట్టుకున్న మరిది గొడ్డును బాదినట్టు బాదేవాడు. పన్ను రాలగొట్టాడు, ఇస్త్రీపెట్టెతో భుజం కాల్చాడు. వచ్చెయ్యవే అని అక్క ఎన్నిసార్లు మొత్తుకున్నా చెల్లెలు చెవిన పెట్టలేదు.

ఒక మధ్యాహ్నం, చల్లగా ఉంచాల్సిన గుడ్ల గొట్టం ఇంకా చేతిలో ఉండగానే ల్యాబు గేటు దగ్గర కేక వినిపించింది. ఈగలమ్మ పరుగెత్తింది. పారిపోయి వచ్చిన చెల్లెల్ని మొగుడు జుట్టు పట్టుకుని ఇనపగేటుకేసి కొడుతున్నాడు. కనుబొమ చీలి ముఖమంతా రక్తం. ఈగలమ్మకు ఒళ్ళు మండిపోయింది. కాపలాదారు కర్ర లాక్కుని ఒంటిచేత్తోనే మరిది మణికట్టు మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. వాడు రెండో చేత్తో ఆమె పెదవి పగలగొట్టాడు. ఆమె మళ్ళీ వేసింది. నలుగురూ కలిసి విడదీసి, చెల్లెలికి కుట్లు వేయించి వచ్చేదాకా ఆ గొట్టం ఎడమ గుప్పిట్లోనే ఉంది. ఆ సంగతి మరిచి, దాన్ని మిగతావాటితో పాటు మంచుపెట్టెలో పడేసింది.

ఫిల్ము వచ్చేసరికి రెండు చోట్లా నల్లగీతే. దీన్నీ వేడినీళ్ళలో ముంచావా అని మేడం నిప్పులు చెరిగింది. ఈగలమ్మ జరిగింది జరిగినట్టు చెప్పేసి, చెత్తలో పడ్డ ఫిల్మును తీసుకుని ఇంటికొచ్చింది.

ఇంట్లో చెల్లెలు మొగుడితో వెళ్ళిపోవడానికి సంచి సర్దుకుంటోంది. చేతికి పిండికట్టుతో మరిది గుమ్మం బయట నిలబడి బతిమాలుతున్నాడు. ఇక జన్మలో చెయ్యి చేసుకోడట.

"కొట్టనంటున్నాడుగా అక్కా. మహా అయితే అరుస్తాడు. అరుపులు పడతాలే."

ఈగలమ్మ ఫిల్మును ఆ పిల్ల ఒళ్ళో పడేసింది.

"ఈ గీత వేడినీళ్ళలో వేసినదానిది. ఇది నా గుప్పిట్లో ఉన్నదానిది. దీన్ని నేనేం చెయ్యలేదే. నా కోపం కూడా దీని మీద కాదు. ఊరికే పట్టుకున్నానంతే. అయినా చూడు."

చెల్లెలు గీతలు రెండిటినీ వేలితో తడిమింది. బయటినుంచి మొగుడు ఎంతసేపే అని అరిచాడు. ఆ ఒక్క అరుపుకే ఆమె భుజాలు చెవుల దాకా ముడుచుకున్నాయి. అలా ముడుచుకోవడం ఆమె తొలిసారి గమనించుకుంది. సంచి కింద పెట్టి గుమ్మం దగ్గరికి నడిచింది. వస్తోందనుకుని వాడు బాగున్న చేత్తో తలుపు చట్రం పట్టుకుని నవ్వాడు.

చెల్లెలు తలుపు విసురుగా వేసింది. సందులో వేళ్ళున్నాయని ఆమెకు తెలుసు. వాడి అరుపు వీధంతా వినిపించింది. గడియ పడలేదని ఆమె ఇంకోసారి నెట్టింది.