ఖాడీలో ఆగిన బతుకమ్మ

నిన్న సాయంత్రం, మా సొసైటీలో కొత్తగా అద్దెకు దిగిన ఒకాయన కారు పెట్టుకునే చోటు దొరక్క రెండు బ్లాకుల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి నా పక్కన ఆపి అద్దం దించాడు. "అంకుల్, వెనకాల ఆ ఖాడీ మీద స్లాబ్ వేయిస్తే ఎంత పార్కింగ్ వచ్చేది! ఇన్నేళ్లలో ఎవరికీ తట్టలేదా?" అన్నాడు. దారిలో నిలబడి పొడుగు జవాబులు చెప్పే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు. "తట్టింది" అని ఒక్క మాట చెప్పి మెట్లెక్కాను. పైకి వచ్చి బాల్కనీలో కూర్చుంటే మాత్రం, కింద నీటి అంచున తెల్లగా ఊగుతున్న గునుగు పూలను చూస్తూ టీ చల్లారబెట్టుకున్నాను.

సూరత్‌లో వాగును ఖాడీ అంటారు. అడాజన్‌లో మా బ్లాకు వెనక గోడకు ఆనుకుని పారేదీ అలాంటిదే. దగ్గర్లోని హజీరా ఫ్యాక్టరీలో ఉద్యోగానికని వచ్చి, అక్కడే పదవీ విరమణ చేసి ఈ ఫ్లాటులో స్థిరపడ్డ నాకు చాలా ఏళ్లు అది వాగని తెలియనే లేదు. నల్లగా, ఒక్కో రోజు ఎర్రగా, ఒక్కో రోజు ఆకుపచ్చగా కదిలేది. ఎగువ ఎక్కడో బట్టకు ఏ రంగు అద్దుతున్నారో మాకు ఇంట్లో కూర్చునే తెలిసిపోయేది. వంటింటి కిటికీ తెరిచిన రోజు లేదు. మా ఆవిడ ఆ కిటికీ రెక్కల మధ్య పాతబట్టలు కుక్కి, వాటి మీద ఊదుబత్తి గుచ్చేది.

మా వంశం సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. ఉత్తర తెలంగాణలో మా ఊరి చెరువు మీద పెత్తనం మా ఇంటిది. ఎండాకాలం పూడిక తీసేటప్పుడు మా తాతగారు గట్టు మీద కుర్చీ వేయించుకుని, గొడుగు కింద వీపు నిటారుగా పెట్టి కూర్చునేవారట. ఆయన నీళ్లలో కాలు పెట్టగా చూసినవాళ్లు లేరు. భూములు పోయాయి, గడీ దూలాలు సైతం అమ్ముడుపోయాయి. నాకు మిగిలింది ఆయన వీపూ, మా నాయనమ్మ ఇత్తడి తాంబాళమూ. సద్దుల బతుకమ్మ నాడు ఆ తాంబాళంలో వెదురు సిబ్బి పెట్టి, దాని మీద నడుమెత్తున పూలు పేర్చి, సిబ్బితో సహా నీళ్లలోకి వదలాలి. ఊళ్లో అన్నిటికంటే ఎత్తు మాదే ఉండాలి. అన్నిటికంటే ముందు మాదే కదలాలి. అది సాగాక గానీ మిగతావాళ్లు తమవి వదలకూడదు. ఈ నియమాలన్నీ నేను సూరత్‌కు భద్రంగా తెచ్చుకున్నాను. ఇక్కడి తెలుగు ఆడవాళ్లు చాలామంది ప్లాస్టిక్ తొట్లలో వదిలితే, మేం మాత్రం కారు వెనక సీటు మడిచి, బతుకమ్మను నిలబెట్టి, తాపీ నది ఒడ్డుకు తీసుకెళ్లేవాళ్లం.

కరోనా మొదటి ఏడాది ఘాట్లకు అడ్డంగా తడకలు కట్టారు. ఆ ఏడు మా నాయనమ్మ తాంబాళం మీది బతుకమ్మ బాల్కనీలో, బట్టలు నానబెట్టే టబ్బులో నిలిచింది. మా ఆవిడ దాని చుట్టూ ఆడలేదు. పాట కూడా పాడలేదు. మరునాడు వాడిన పూలన్నీ తీసుకెళ్లి వెనక గోడ మీంచి ఖాడీ ఒడ్డున పోసి వచ్చి, "పారే నీళ్లల్ల వదలకుండ ఇంకోసారి పేర్చను. ఏమనుకున్నా సరే" అంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నాకు పెట్టిన షరతు అదొక్కటే.

కానీ అదే ఏడాది ఎండాకాలంలో ఇంకో వింత జరిగింది. లాక్‌డౌన్‌లో మిల్లులు ఆగిపోవడంతో ఖాడీకి రంగు పోయింది. కొన్నాళ్లు అడుగున ఇసుక కనిపించింది. ఒక కొంగ కూడా వచ్చి, ఏదో ఆస్తి తగాదా ఉన్నదానిలా అక్కడే నిలబడిపోయింది. మిల్లులు తెరిచాక నీళ్లు మళ్లీ చెడ్డాయిగానీ, దాని అసలు రూపం చూసినవాళ్లం ఊరుకోలేకపోయాం. ఆ దివాళీ వెళ్లగానే మా సొసైటీ చైర్మన్, అందరూ కాకా అని పిలిచే గుజరాతీ పెద్దమనిషి, దాని మీద స్లాబ్ వేయించమని అర్జీ పెట్టాలన్నారు. కంపూ పోతుంది, కార్లకు చోటూ వస్తుందన్నారు. నేను లేచి, వాగును కప్పడమంటే ఒంటి మీద పుండును చొక్కాతో కప్పడమేనన్నాను. కాకా నవ్వి, "అయితే సాహెబ్, వచ్చే దివాళీ దాకా మీదే ఖాడీ. అప్పటికీ కంపు కొడితే సంతకాలు మొదలు" అన్నారు.

అలా మళ్లీ ఒక నీటి మీద పెత్తనం మా ఇంటికి వచ్చింది. ముందు తేలిందేమిటంటే, మిల్లులను తిట్టే మా సొసైటీ వంటింటి గొట్టమే తిన్నగా ఖాడీలో పడుతోంది. కాకా మారు మాట్లాడకుండా దాన్ని డ్రైనేజీలోకి మళ్లించారు. ఎగువ సొసైటీల, మిల్లుల గొట్టాలూ మళ్లించేదాకా వాటి చుట్టూ నేను తిరిగాను. మున్సిపాలిటీ యంత్రం వచ్చి ఒకసారి పూడిక తోడింది. తర్వాత చెత్త ఏరడం, ఒడ్డున తుంగా మెట్ట తామరా నాటడం మిగిలింది. దానికి నేతవాళ్లు ఉండే సలాబత్‌పురా వైపు నుంచి, తెలంగాణలో మా పక్క ఊరివాడైన మగ్గాల మేస్త్రి సెలవు రోజుల్లో భార్యను, నలుగురు తోటివాళ్లను వెంటబెట్టుకుని వచ్చేవాడు. నేను ఒడ్డున ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, గొడుగు పట్టుకుని కూర్చునేవాణ్ని.

"దొరా, జర కుర్చీ ఎనుకకు జరుపుకోండ్రి, బురద పడ్తది" అనేవాడు మేస్త్రి.

"పడనీ తియ్" అనేది అతని భార్య. "ఇస్త్రీ బట్టలు గిట్ల గాకుంటే ఎట్ల ఖరాబైతయ్?"

నేను విననట్టు గొడుగు సర్దుకునేవాణ్ని.

కరోనా రెండో కెరటం మా సొసైటీని మూగ చేసేసింది. కాకా ఆసుపత్రిలో పడుకుని, దేవుడి దయవల్ల తిరిగి వచ్చారు, కానీ ముక్కు పనిచేయడం మానేసింది. ఇంగువకీ అగరుబత్తికీ తేడా తెలియదు. వానలకు ముందు ఒకరోజు ఖాడీ దగ్గరికి వచ్చి, మాస్కు దించి, గాలి గట్టిగా పీల్చి, విచారంగా తల ఊపారు. "సాహెబ్, నా ముక్కు పోయింది. మీరు వంగరు, అబద్ధం ఆడరు. మీరే చెప్పండి, కంపు ఉందా?" అన్నారు.

మా ఆవిడ నా మోచేతి మీద గిల్లింది. కంపు లేదని చెప్తే ఆ పూటతో స్లాబు గొడవ తీరిపోయేది. మేస్త్రి భార్య బురదలో పార ఆపి నా నోటి వంకే చూస్తోంది.

"ఉంది. రోడ్డు కింది మోరీ దగ్గర బాగానే ఉంది" అన్నాను.

ఇంటికి వచ్చాక మా ఆవిడ రెండు పూటలు కంచం నా ముందు పెట్టి లోపలికి వెళ్లిపోయింది. మూడో పూట అన్నం వడ్డిస్తూ, "గా నిజమేందో దివాళీ దాటినంక చెప్పరాదుండె?" అంది. పప్పు బాగుందన్నాను.

వానలు ఖాడీని కడిగాయి. తుంగ పెరిగింది. దానితోపాటు ఎవరూ నాటని మొక్కలు కూడా ఒడ్డంతా లేచాయి. కలుపని కాకా మనుషులు పీకబోతుంటే మా ఆవిడ బాల్కనీ లోంచి పెట్టిన కేక బస్టాపు దాకా వినిపించి ఉంటుంది. అవి గునుగు. అంతకు ముందు ఏడాది టబ్బులోంచి తీసి పారబోసిన పూల గింజలు. ఆ రోజే అటక మీది తాంబాళం దించి చింతపండుతో తోమింది.

సద్దుల నాడు ఆడవాళ్లంతా మాస్కులతోనే ఒడ్డున చేరారు. మేస్త్రి భార్య తంగేడు తెచ్చింది. బంతిపూలు మార్కెట్లో కొన్నాం. గునుగు ఇంటి వెనకదే. నేను పక్కన నిలబడి, ఇంకా ఎత్తు, ఇంకా ఎత్తు అని పురమాయించి, మా ఇంటి కొలత తగ్గకుండా చూసుకున్నాను. పాటలయ్యాయి. మా సిబ్బిని నీళ్లలోకి వదిలారు. అది గంభీరంగా నాలుగడుగులు సాగి, ఆగిపోయింది. ఆ ఎత్తుకూ ఆ బరువుకూ మోకాలి లోతు నీళ్లు చాలలేదు. సిబ్బి ఇసుకలో కూరుకుని, పూల గోపురం అలా నిలుచుండిపోయింది.

వెనక ఆడవాళ్లు బతుకమ్మలు చేతుల్లో పట్టుకుని వరుసగా నిలబడ్డారు. చిన్నవి, తేలికవి, హాయిగా పోగలిగేవి. ఒక్కరూ వదలరు.

"వదలండి, పొద్దు పోతోంది" అన్నాను.

"దొరసాని బతుకమ్మ సాగకుండ మేమెట్ల ఇడుస్తం?" అంది మేస్త్రి భార్య. "మీరు పెట్టిన కట్టడే గద, దొరా!" మాస్కు వెనక ఆమె నవ్వుతోందని కళ్లు చెప్పాయి.

మోరీ గోడ మీద కాకా కూర్చుని చూస్తున్నారు. మా ఆవిడ ఖాళీ తాంబాళం రొమ్ముకు హత్తుకుని, నా వైపు కాదు, నీళ్ల వైపే చూస్తోంది. మళ్లీ టబ్బు గుర్తొచ్చిందేమో. నేను చెప్పులు విప్పాను. ఇస్త్రీ ప్యాంటు మడుస్తుంటే మేస్త్రి "వద్దు దొరా, నేను దిగుత" అని ముందుకొచ్చాడు. "ఇది మా ఇంటిది" అని చెప్పి దిగాను. నీళ్లు చల్లగా ఉన్నాయి. అరికాళ్ల కింద బురద కాదు, ఇసుక. మా వంశంలో ఎవరూ వంగనంతగా వంగి, రెండు చేతులూ సిబ్బి కిందికి పోనిచ్చి, ఎత్తి, లోతు వైపు కొద్దిగా తోశాను. అది ఒకసారి ఇటు తిరిగి, తర్వాత తుంగ మధ్య నుంచి సాగిపోయింది. వెంటనే మిగతావన్నీ బిలబిలమంటూ దాన్ని దాటుకుని వెళ్లిపోయాయి. గట్టు మీద పాట మళ్లీ ఎత్తుకుంది మా ఆవిడే.

నేను తడిసిన ప్యాంటుతో గట్టెక్కేసరికి కాకా చేతిలో ఎవరో ప్రసాదంగా మలీద ముద్ద పెట్టారు. ఆయన దాన్ని తినకుండా, "సాహెబ్, మీకొకటి చెప్పలేదు" అన్నారు. "వారం రోజులుగా మా ఇంట్లో పోపు వాసన తెలుస్తోంది నాకు. రోజూ పొద్దున్నే వచ్చి ఈ గోడ మీద కూర్చుని మీ కంపు కోసం వెతుకుతున్నాను. దొరకలేదు. ఇవాళ మాత్రం బంతిపూల వాసన వస్తోంది." అర్జీ సంగతి ఆ తర్వాత ఆయనా ఎత్తలేదు, నేనూ అడగలేదు.

ఇప్పటికీ ఏటా మాదే ఎత్తు, ముందు కదిలేదీ మాదే. దిగి తోసేదీ నేనే. తాతగారి గొడుగు కింది నుంచి చూస్తే కాలం కూడా ఆ పూల గోపురంలా ఎక్కడో ఆగిపోయినట్టే కనిపించేది నాకు. కాళ్లు తడుపుకున్నాక చూస్తే, ఆ కాలమే నా చేతుల మీదుగా మెల్లగా వెళ్లిపోతోంది.