కవర్ తీయని ఫైర్ కోట్లు

ఆ రోజుల్లో సర్కారు వస్తువుకున్న మర్యాద సర్కారు మనిషికి ఉండేది కాదు. (ఇప్పుడుందని కాదు, అప్పుడు ఆ సంగతి ఎవరూ దాచేవాళ్లు కారు.) నాకు ముప్పై ఏళ్లప్పుడు మా ఊరి ఫైర్ స్టేషన్‌లో ఊడ్చే పనికి టెంపరరీగా చేరాను. నెల తిరక్కుండానే మా పెద్దసారు ఇనుప బీరువా తాళంచెవి చేతికిచ్చి నా హోదా పెంచాడు. అందులో ఆరు కొత్త ఫైర్ కోట్లు, హెల్మెట్లు, మోకాళ్లదాకా వచ్చే బూట్లు. మంటల్లోకి పోయేవాళ్లను కాపాడమని ప్రభుత్వం వాటిని పంపింది. వాటిని మంటల నుంచి కాపాడటం నా ఉద్యోగం. "చూడమ్మా, కవర్ తియ్యొద్దు. పైఆఫీసరు వచ్చిననాడు కొత్తగ కనవడాలె. ఒక్కటి మాసినా నీ నౌకరి పోతది" అన్నాడు సారు.

నాకు చదువు లేదు కానీ శ్రద్ధకు లోటు లేదు. పట్టుచీరలకు పెట్టినట్టు కోట్ల మధ్య వేపాకు పెట్టాను, బూట్లలో కలరా ఉండలు వేశాను, ప్రతి శుక్రవారం బీరువా ముందు ఊదుబత్తి వెలిగించాను. (ఆ కోట్లు చూసిన నిప్పు అదొక్కటే.) మనుషులు మాత్రం ఖాకీ చొక్కాతో, తలకు తడి తువ్వాలతో మంటల్లోకి పోయేవాళ్లు. అందులో ఒకాయనను పహిల్వాన్ అనేవాళ్లం. నీళ్ల పైపును ఆయన పట్టుకున్నాడో, పైపే ఆయనను పట్టుకుందో చెప్పలేనంత బక్కమనిషి. "ఏం చెల్లె, నీ పెండ్లికొడుకులు మంచిగున్నరా?" అని రోజూ బీరువా వైపు చూసి అడిగేవాడు.

ఒక మధ్యాహ్నం సారు మల్దకల్ గుడికి దర్శనానికి పోయాడు. పత్తి మిల్లు అంటుకుందని, కాపలా ముసలాయన లోపలే చిక్కుకున్నాడని ఫోనొచ్చింది. పహిల్వాన్ అన్న తువ్వాల తడుపుతున్నాడు. సారుకు చేస్తే ఫోన్ ఎత్తడం లేదు. నేను బీరువా తెరిచాను.

"తియ్యకు చెల్లె, నౌకరి పోతది."

"పోతే ఇంకోకాడ ఊడుస్త. నీకేమన్న అయితే వదినెకు ఏం చెప్పాలె? తొడుగు!"

కవర్లు పళ్లతో చింపాను. ఒక్కరూ ఎన్నడూ తొడుక్కున్నది లేదు కాబట్టి ఒకాయన ముందూ వెనకా తెలియక గిరగిర తిరిగాడు. పహిల్వాన్ బూటులో కాలు పెట్టి ఎగిరాడు. "గీ గోళీలేందే ఇండ్ల?"

"కలరా ఉండలు. నడువు!"

వాళ్లు వచ్చేదాకా నేను ఖాళీ బీరువా ముందు కూర్చున్నాను. ముసలాయనను భుజాన వేసుకుని పహిల్వానే బయటికి తెచ్చాడట. కోటు ఎడమ భుజం బొగ్గయింది. లోపల ఆయన భుజం ఎప్పటిలాగే ఎముకలతో క్షేమంగా ఉంది. సాయంత్రం ప్రసాదంతో దిగిన సారు కోటును చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఎవరు కాల్చిండ్రు దీన్ని?"

"మంట, సార్" అన్నాను.

ఆయన గబగబా ఒక కాగితం రాసి, ఇంకు డబ్బా తెరిచి, వేలుముద్ర వేయమన్నాడు. ఏం రాశారని అడిగితే నీకెందుకన్నాడు. పహిల్వాన్ తొంగిచూసి పైకి చదివాడు: "నా నిర్లక్ష్యము వలన ఒక కోటు కాలినది."

"కోటు కాలింది నిజమే సార్. మనిషి కాలలేదని గూడ రాయుండ్రి, ముద్ర వేస్త."

"దానికి ఇండ్ల జాగ లేదు."

"అయితే నా ముద్రకు గూడ లేదు సార్." తాళంచెవి బల్ల మీద పెట్టి ఇంటికి నడిచాను.

వారం పస్తులతోనే గడిచింది. అప్పుడు పైఆఫీసరు తనిఖీకొచ్చి, కాలిన కోటు చూసి, వస్తువును వాడుతున్న స్టేషన్‌ను ఇక్కడే చూశానని మెచ్చుకుని సారుకు శాలువా కప్పాడట. మర్నాడే నన్ను పిలిపించారు. ఆ శాలువాను కూడా బీరువాలో పెట్టమన్నాడు సారు, కవర్ తీయకుండా.

నాకు నలభై అయిదేళ్లప్పుడు సాయంత్రం బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పుడు నా ముందుకొచ్చిన ప్రతి కాగితం రెండుసార్లు చదువుతాను. ఎక్కడ అబద్ధముందో వేలు పెట్టి చూపగలను. చూసి, నిట్టూర్చి, గుండ్రటి అక్షరాలతో చక్కగా సంతకం పెడతాను. చదవడం రాకపోయినా ముద్ర వేయనన్న ఆనాటి పిల్ల తలపుకొస్తే నవ్వొస్తుంది. ఎదురుపడితే మాత్రం పక్క సందులోంచి పోతానేమో.