గాడి పడిన రాయి

మా డిగ్రీ కాలేజీ సముద్రానికి ఎంత దగ్గరంటే, మధ్యాహ్నం గాలి తిరిగేసరికి ల్యాబ్ బల్లల మీద వేలితో పేరు రాసుకునేంత ఇసుక పేరుకునేది. కిటికీ ఊచలు ఉప్పుగాలికి తుప్పుపట్టి, ముట్టుకుంటే రేకులుగా ఊడేవి. జియాలజీలో మేం ఆరుగురమే. నేను ఇష్టపడి చేరలేదు, కోరుకున్న గ్రూపులో సీటు రాలేదు. మా ఊరు నర్సీపట్నంలో ఇరుగుపొరుగు వాళ్లు "అదేటి సదువే?" అని అడిగితే, రాళ్ల చదువని చెప్పడానికి సిగ్గుపడి మాట మార్చేసేదాన్ని.

మా లెక్చరర్ గారిది ఎస్. రాయవరం వైపు. రిటైర్మెంటుకు ఏడాది ఉంది. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కడానికే కష్టపడేవారు. అయినా పాఠం మధ్యలో మమ్మల్ని తీరానికి నడిపించేవారు. అల వెనక్కి పోయిన చోట చారలుగా మిగిలే ఎర్ర ఇసుకను మా అరచేతుల్లో పోసేవారు. ఎండలో తిప్పి చూస్తే సన్నటి దానిమ్మ గింజల్లా గార్నెట్లు మెరిసేవి. ఇవి ఇక్కడ పుట్టినవి కావనీ, కొండరాళ్లు అరిగి ఏళ్ల వెంట కొట్టుకొచ్చినవనీ చెప్పి, వాటి పుట్టిల్లు చూపిస్తానని మాటిచ్చారు. మూడో సంవత్సరం ఫీల్డ్ ట్రిప్పుకు మా ఊరినే ఎంచుకున్నారు.

మా నాన్న సంఘపెద్ద కాబట్టి చర్చి హాల్లో అందరికీ బస దొరికింది. వంట మా అమ్మ చూసుకుంది. క్లాసులో నాతోపాటు ఉన్న ఇంకొక్క అమ్మాయి నా స్నేహితురాలు. తను మాత్రం మా ఇంట్లోనే దిగింది. తనది పైన ఏజెన్సీలో ఊరు. వాళ్లవాళ్లు కొండవాలున చోళ్లు, పసుపు పండిస్తారు. చాలా తక్కువగా మాట్లాడేది.

మొదటిరోజు పని ఒక్కటే. ఊరికి దూరంగా ఉన్న ఒక కొండకు కింద అంతా ఎర్రగా పొడిబారే ఖోండలైట్, పైన నల్లగా గట్టిగా ఉండే చార్నోకైట్. ఆ రెండు రాళ్లూ కలిసే చోటు వెతికి, అక్కడి నల్లరాయి ముక్క ఒకటి తేవాలి. సారు కొండ కింద జీడితోటలో కూర్చున్నారు.

మా ఊరు కదా అని అందరూ నా వెనకే నడిచారు. సగం కొండ దాటేసరికి తెచ్చుకున్న నీళ్లు అయిపోయాయి. ముళ్లకు చేతులు గీరుకుపోయాయి. అప్పుడు నాకే తట్టింది. అవతలి పక్క కొత్తగా రోడ్డు వేస్తున్నారు, కంకర కుప్పలున్నాయి, అన్నీ నల్లరాళ్లే. మిగిలినవాళ్లు సరేనన్నారు. నా స్నేహితురాలు మాత్రం "ఇంకెంతని? మీరుండండి, నాను బేగి ఎల్లి తెచ్చెత్తాను" అంది. ఒకరే వెళ్తే, సారు అడిగినప్పుడు మిగతావాళ్లం వెళ్లలేదని తెలిసిపోతుందని నేను ఆపేశాను. తను కూడా మాతో దిగింది. కుప్పలో పెద్ద రాయి ఏరి, కొండమీంచి తీసిన రాయిలా కనబడాలని ఎర్రమట్టితో రుద్దాను.

సారు దాన్ని చేత్తో తూచి, లెన్సు పెట్టి చూశారు. ఒక పక్కన బొటనవేలితో మెల్లగా తడిమి, ఎక్కడ దొరికిందని అడిగారు. రెండు రాళ్లూ కలిసిన చోటేనండి అన్నాను. రాయిని గుడ్డసంచిలో వేసుకున్నారు.

"రేపు నేనూ వస్తాను. ఆ సోటు సూపిద్దురు గాని" అన్నారు.

మర్నాడు పొద్దున్నే బయల్దేరాం. ఒక చేత్తో కర్ర, రెండో చేత్తో నా స్నేహితురాలి భుజం పట్టుకుని ఆయన పది అడుగులు వేసేవారు, ఆగేవారు. ఆయన సంచి నా భుజాన ఉంది. కిందటిరోజు మేం వెనుదిరిగిన చోటుకి చేరేసరికి ఆయన చొక్కా చెమటకి వీపుకి అంటుకుపోయింది. ఇక నావల్ల కాలేదు.

"సార్, మేం పైకి ఎక్కలేదండి. ఆ రాయి రోడ్డు కుప్పలోది. ఆలోచన నాదేనండి."

ఆయన బండ మీద కూర్చుని మోకాలు పట్టుకున్నారు.

"తెలుసమ్మా. దాని మీద గాడి ఉంది సూసుకోలేదు మీరు. క్వారీలో పేలుడు మందు కూరడానికి డ్రిల్లు ఏస్తారు, ఆ గాడి."

"మరి తెలిసీ ఎందుకు ఎక్కుతున్నారండి?"

"అసలుది మీరింకా సూడలేదు కదా. నాకు మళ్లీ ఎక్కే యోగం ఉంటాదో లేదో. పదండి."

ఇంకో గంట పట్టింది. పైన, వర్షాలకు మట్టి కొట్టుకుపోయిన ఒక అంచున, ఎర్రరాయి ఆగి నల్లరాయి మొదలయ్యే గీత ఉంది. సారు మా ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని ఆ గీత మీద ఆనించారు. నా వంతు వచ్చినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎర్రరాయిలో గార్నెట్లు, మా తీరంలోవాటికంటే పెద్దవి, చేతికి గరుకుగా తగిలాయి. సముద్రం కనబడుతుందేమోనని తూర్పుకి చూశాం. మంచు పట్టి ఉంది, కనబడలేదు.

దిగడం ఎక్కడం కంటే కష్టమైంది. కొన్నిచోట్ల ఆయన కూర్చుని జరుగుతూ దిగారు. సాయంత్రానికి మోకాలు వాచింది. మా అమ్మ వావిలాకు వేడిచేసి కాపడం పెట్టించింది. ఈ మోకాళ్లతో కొండెందుకు ఎక్కారండీ అని ఆవిడ అడిగినప్పుడు, ఇక నా అబద్ధం బయటపడిందనుకున్నాను.

"పిల్లలు పిలిసారండీ. ఎల్లాను" అన్నారాయన.

ఫీల్డ్ రికార్డులో మాత్రం దాచనివ్వలేదు. మొదటిరోజు పేజీలో ఏం రాయాలని అడిగితే, జరిగింది రాయమన్నారు. 'పైకి ఎక్కలేదు' అని రాశాను. కింద సంతకం చేసి, పక్కనున్న రెండోరోజు పేజీకి పదికి ఎనిమిది వేశారు.

ఆయన రిటైరయ్యాక రెండేళ్లకు కాలేజీలో జియాలజీ ఎత్తేశారు. మా ల్యాబు ఇప్పుడు కంప్యూటర్ గది. నా స్నేహితురాలు వాళ్ల కొండమీదే ఆశ్రమ పాఠశాలలో సైన్సు టీచరు. నేను బోరుబావుల సర్వే పనిలో ఉన్నాను. రాళ్ల చదువని ఇప్పుడు ధైర్యంగానే చెప్తున్నాను. మొన్న తను ఫోన్ చేసి, పిల్లల్ని వాగు దగ్గరికి తీసుకెళ్లి ఇసుక చూపించానని చెప్పింది. తక్కువగా మాట్లాడే మనిషి, ఆ రోజు అరగంట మాట్లాడింది.