చిటికెడు ముక్కుపొడి

అమ్మ ఉదయగిరిలో టీచరుగా చేసి రిటైరైంది. ఆదివారం చర్చిలో వాక్యం చదివేది ఆమే. పైపళ్ళన్నీ పోయాక కట్టించిన పళ్ళసెట్టు దవడకు పట్టేది కాదు. ఒకసారి చదువుతుండగానే అది జారి బైబిలు మీద పడింది. పిల్లలు నవ్వారు. నిజం చెప్పాలంటే నేనూ నవ్వాను. ఆ తర్వాత అమ్మ చదవడం మానేసింది. మాట్లాడినా, దగ్గినా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

తొంభైల చివర్లో ఆమెను మద్రాసు తీసుకెళ్ళాను. పైదవడ ఎముక కోడిగుడ్డు పెంకులా పల్చబడిందని, స్క్రూలతో పళ్ళు బిగించినా నిలవవని డాక్టరు చెప్పాడు. ముందు తుంటి నుంచి కాస్త ఎముక తీసి, ముక్కు పక్కనుండే గాలి గది అడుగున నింపాలట. అది అతుక్కోవడానికి ఆరు నెలలు.

"మళ్ళీ చదవచ్చునా సార్?" అని ఒక్కటే అడిగి అమ్మ ఒప్పుకుంది.

ఆపరేషనయ్యాక జాగ్రత్తలన్నీ నాకే చెప్పారు. ముక్కు చీదకూడదు. తుమ్మొస్తే నోరు బాగా తెరిచి తుమ్మాలి, లేకుంటే ఆ ఒత్తిడికి నింపిన ఎముక కదిలిపోతుందట. ముక్కుపొడి ముట్టనే కూడదు. అమ్మకేమో అది ముప్పై ఏళ్ళ అలవాటు.

ఆత్మకూరులో మా ఇంట్లోనే ఉంచుకున్నాను. మూడో వారం మొదలుపెట్టింది. "తల పగిలిపోతా ఉండాదే. ఒక్క చిటికెడు తెచ్చియ్యే."

జాలిపడి తెచ్చానని చెప్పుకుంటే అబద్ధం. పోరు పడలేక, విసుగుతో తెచ్చి చేతిలో పడేశాను. మూడు వారాలు మానిన ముక్కు కదా, పీల్చీ పీల్చగానే తుమ్మొచ్చింది. అలవాటు కొద్దీ కొంగు నోటికి అదిమిపెట్టుకుంది. "నోరు తెరువమ్మా!" అనేలోపే తుమ్మేసింది. ముక్కులోంచి నెత్తురూ, దాంతో తెల్లటి ఎముక పలుకులూ వచ్చాయి.

చీము పట్టడంతో మద్రాసులో నింపిందంతా తీసేశారు. "పొడి ఎవరిచ్చారు?" అని డాక్టరు గద్దించాడు.

"నేనే తెప్పించుకున్నాను సార్. మా పాప వద్దనే చెప్పింది," అంది అమ్మ. నేను నోరు మెదపలేదు.

మళ్ళీ తుంటి కోయించుకోనంది. కుంటుకుంటూ మళ్ళీ ఉదయగిరి చర్చికి వస్తే, "ముక్కుపొడికి ఆశపడి పళ్ళు పోగొట్టుకున్నావంటనే!" అని ఆడవాళ్ళు ఆట పట్టించారు. అమ్మ కొంగు చాటున నవ్వింది. అప్పుడూ నేను చెప్పలేదు. సిగ్గులేని దాన్ని.

వాక్యం వేళకు బైబిలు నా చేతిలో పెట్టింది. చదివి వచ్చి పక్కన కూర్చున్నాను.

"బాగా చదివినావు. నీకు నా పళ్ళే వచ్చినాయి," అంది.